దానవీర హాజీ ముహమ్మద్ మొహసిన్

బెంగాలు దేశంలో దానవీరుడు అనగానే హిందువులకు గానీ ముస్లిములకు గానీ ముందు గుర్తొచ్చే పేర్లలో హాజీ ముహమ్మద్ మొహసిన్ గారిది ఒకటి. మన తెలుగునాట ఆయనను ఎరిగినవారు తక్కువ. ఆయన గతించి రెండు వందల ఏండ్లు దాటింది. అయినా ఆయన పేరిట కాలేజీలు ఇటు హుగ్లీలోనూ, అటు బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగులోనూ నడుస్తూనే ఉన్నాయి. సంక్షేమ సంఘాలు నడిపేవాళ్లం గనుక ఆయన జీవితంతోపాటు ఆయన సొమ్ము కథ కూడా తెలుసుకోవలసినదే. నిజానికి ఆ రెండో కథే పెద్దది.

మొహసిన్ గారు 1732లో, కలకత్తాకు ఎగువన గంగ ఒడ్డునున్న హుగ్లీ పట్టణంలో జన్మించారు. తండ్రి హాజీ ఫైజుల్లా. తల్లి జైనబ్ ఖానం గారికి ఇది రెండవ వివాహం. ఆమె మొదటి భర్త ఆగా మొతహర్ జెస్సోర్ ప్రాంతంలో పెద్ద జాగీరు గడించి, ఆస్తినంతా తన కూతురు మన్నూజాన్ పేర పెట్టి కన్నుమూశారు. కాబట్టి ఆ సంపద మొహసిన్ గారి తండ్రిది కాదు, అక్కగారిది. తండ్రులు వేరైనా ఆ అక్కాతమ్ముళ్లు ఒక తల్లి బిడ్డలుగా ఎంతో ప్రేమగా పెరిగారు.

మొహసిన్ గారు అరబ్బీ, పారసీ బాగా చదివారు. దేశాటన మీద మనసుపడి అరేబియా, ఇరాన్, ఇరాక్ మొదలైన దేశాలు ఏండ్ల తరబడి తిరిగారు, హజ్ చేశారు. పెండ్లి మాత్రం చేసుకోలేదు. 1769–70లో బెంగాలులో మహా కరువు వచ్చింది. జనంలో మూడోవంతు నశించారని ఆ కాలపు అంచనా. ఆ కరువులో మొహసిన్ గారు లంగరు పెట్టించి ఆకలిగొన్నవారికి అన్నం పెట్టించారని హుగ్లీ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

మన్నూజాన్ బేగం గారికి సంతానం లేదు. భర్త మీర్జా సలాహుద్దీన్ పోయాక జమీందారీ వ్యవహారమంతా ఆమే చూసుకున్నారు. 1803లో ఆమె మరణించడంతో ఆస్తి తమ్ముడి చేతికి వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు డెబ్బయి దాటింది. భార్యాబిడ్డలు లేరు, తనకంటూ పెద్ద ఖర్చూ లేదు. ఇంకెవరైనా అయితే దూరపు చుట్టాలకు పంచిపెట్టి చేతులు దులుపుకునేవారు.

ఆయన అలా చేయలేదు. 1806లో వక్ఫ్‌నామా రాయించి ఆ జమీందారీని ధర్మానికి అంకితం చేశారు. ఆ పత్రంలోని ఏర్పాటు గమనించదగ్గది. ఖర్చులు పోగా మిగిలే రాబడిని తొమ్మిది భాగాలు చేశారు. మూడు భాగాలు ఫాతిహాలకు, ముహర్రం వంటి మతకార్యాలకు, ఇమాంబారా మరమ్మతులకు. నాలుగు భాగాలు జీతాలకు, పింఛన్లకు. మిగతా రెండు భాగాలు, నిర్వహించే ఇద్దరు ముతవల్లీలకు. అంటే అన్నింటికంటే పెద్ద వాటా మనుషులకు నెలనెలా అందే రూకల కోసం కేటాయించారన్నమాట. పండుగనాడు పిడికెడు ఖైరాత్ ఇచ్చి మరచిపోయే దానం కాదిది. అసలు చెడకుండా, ఏటేటా వచ్చే రాబడితో పది కుటుంబాలు నిలబడాలన్న ముందుచూపు ఉన్న దానం. 1812లో ఆయన పరమపదించారు.

ఆయన కన్ను మూయగానే తగాదా మొదలైంది. ముతవల్లీలు సొమ్మును సొంతానికి మళ్లించుకుంటున్నారని ఫిర్యాదులు పుట్టాయి. మన వైపు మసీదు మాన్యాల సంగతి ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు. చివరకు కంపెనీ ప్రభుత్వం కల్పించుకుని వారిని తొలగించి, జమీందారీని తన అజమాయిషీలోకి తీసుకుంది. వ్యాజ్యం కోర్టులన్నీ తిరిగి లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా పోయింది. 1835లో తీర్పు ప్రభుత్వానికి అనుకూలంగా వచ్చింది. ఈలోగా లక్షల రూపాయలు పేరుకుపోయి ఉన్నాయి.

ఆ మిగులు సొమ్ముతో 1836 ఆగస్టు 1న హుగ్లీలో కాలేజీ తెరిచారు. మంచి పనే. ఏ మతం పిల్లవాడికైనా ప్రవేశం ఉండేది. బంకించంద్ర చటర్జీ అంతటివాడు అక్కడే చదువుకున్నాడు. మొహసిన్ గారి దానం ఇరుగుపొరుగు బిడ్డలకు కూడా విద్య పెట్టిందంటే మనం సంతోషించాలి, ఆయనా సంతోషించే ఉండేవారు. కానీ తమాషా ఏమిటంటే, ఇంగ్లీషు తరగతుల్లో ముస్లిం పిల్లలు వేళ్లమీద లెక్కపెట్టేటంత మంది కూడా కష్టమే. ఇంగ్లీషు చదువంటే మనవారికే జంకు, పైగా ఫీజు కట్టుకోలేని పేదరికం. ఒక ముస్లిం దాత వక్ఫ్ సొమ్ము దాని గుమ్మం ముందున్న ముస్లిం బీదలకే అందకుండా పోయింది. ఇలా ముప్పయ్యేడేండ్లు గడిచిపోయాయి!

దీనిని ఊరకే వదలని వ్యక్తి నవాబ్ అబ్దుల్ లతీఫ్. 1863లో కలకత్తాలో ముహమ్మదన్ లిటరరీ సొసైటీ స్థాపించిన పెద్దమనిషి. ఆయన కేకలు వేయలేదు, అర్జీ మీద అర్జీ పెట్టాడు. వక్ఫ్ ఎందుకు రాశారు, సొమ్ము ఎటు పోతోంది అని ప్రభుత్వానికి నచ్చజెప్పుతూ వచ్చాడు. 1871లో హంటర్ దొర భారత ముస్లిముల మీద రాసిన పుస్తకంలో ఈ నిధి సంగతి ఎత్తి చూపడంతో విషయం మరింత రచ్చకెక్కింది. 1873లో ప్రభుత్వం దిగివచ్చింది. హుగ్లీ కాలేజీ ఖర్చును ఖజానా భరించేటట్లు, మొహసిన్ నిధిని ముస్లిముల విద్యకే వాడేటట్లు ఏర్పాటైంది. మరుసటి సంవత్సరం ఢాకా, చిట్టగాంగు, రాజ్‌షాహీలలో ఆ నిధితో మదరసాలు వెలిశాయి. స్కూళ్లలో, కాలేజీలలో చదివే ముస్లిం విద్యార్థుల ఫీజులో మూడింట రెండు వంతులు నిధి కట్టసాగింది. తండ్రి ఒక వంతు తెచ్చుకుంటే చాలు, పిల్లవాడి చదువు ఆగదు. మొత్తం ఉచితం అనకుండా ఒక వంతు ఇంటివారిమీద ఉంచడం తెలివైన పని అని నాకు తోస్తుంది. ఆ వంతు ఉన్నంతవరకు చదువు సగంలో మానిపించడానికి తండ్రికి మనసొప్పదు.

చిట్టగాంగు మదరసాయే కాలక్రమాన హాజీ ముహమ్మద్ మొహసిన్ కాలేజీ అయింది. హుగ్లీ కాలేజీకి కూడా ఆయన పేరే చేరింది. ఢాకా యూనివర్సిటీలో ఒక విద్యార్థి వసతిగృహానికి ఆయన పేరు పెట్టారు.

హుగ్లీలో ఇమాంబారా కొత్త భవనాన్ని 1841లో మొదలుపెట్టి 1861 నాటికి పూర్తి చేశారు. నడుమ గడియారం అమర్చిన జంట మినార్లు గంగ మీద పోయే పడవలవాళ్లకు దూరం నుంచే కనబడతాయి. భవనం వెనుక నదివైపు గోడమీద మొహసిన్ గారి వక్ఫ్‌నామాను చెక్కించి పెట్టారు. తొమ్మిది భాగాల లెక్క, ఏ భాగం ఎవరిదన్నది, దారిన పోయేవారెవరైనా నిలబడి చదువుకోవచ్చు.