పోపుగింజలు, ఉప్పు, సుబ్బారావు గారు

మన పిల్లలు ఇక్కడి బడిలో ఎలిమెంట్, కాంపౌండ్, మిక్స్చర్ అని చదివేవాటిని తెలుగులో మూలకం, సమ్మేళనం, మిశ్రమం అంటాం. పోపుగింజలు మిశ్రమం. ఓపిక ఉంటే ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు వేరుచేసుకోవచ్చు. ఉప్పు సమ్మేళనం. ఎంత ఏరినా అందులోంచి సోడియం, క్లోరిన్ బయటికి రావు. వీటితోనే జీవితమంతా కుస్తీ పట్టిన మన తెలుగువారు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు (పిల్లలూ, ఈ వాక్యం అమ్మానాన్నలకు చదివి వినిపించండి!). ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేస్తూ హార్వర్డులో పరిశోధన సాగించారు.

రక్తంలో భాస్వరం ఎంతుందో కొలవడానికి సైరస్ ఫిస్కే గారితో కలిసి 1925లో ఒక తేలిక పద్ధతి ప్రకటించారు. భాస్వరం ఎంత ఎక్కువుంటే ద్రావణం అంత చిక్కటి నీలంగా మారుతుంది. అయితే కండరాల నుంచి తీసిన రసంలో ఆ నీలం ఒక్కసారిగా రాలేదు, నెమ్మదిగా ముదురుతూ పోయింది. అంటే ఏదో సమ్మేళనం విడిపోతూ భాస్వరాన్ని కొంచెం కొంచెంగా వదులుతోందన్నమాట! అదే 1927లో వారు ప్రకటించిన ఫాస్ఫోక్రియాటిన్. మన ఒంటికి శక్తినిచ్చే ఏటీపీని 1929లో వెలికితీశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ గారూ దాన్ని కనుగొన్నారు.

ఇంత చేసినా హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. మాకు ఇది ఇప్పటికీ మింగుడు పడదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. జంతువుల కాలేయం వందల పదార్థాల మిశ్రమం. రక్తహీనతను తగ్గించేది అందులో ఏదో పట్టుకోవాలి. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి, 1945 నాటికి ప్రయోగశాలలోనే తయారు చేసింది. చూడబోతే అందులో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్, నాలుగే మూలకాలు. అది స్ప్రూ రోగులకూ పనిచేసింది. సోదరులకు మాత్రం అందలేదు.

ఆ అణువునే కాస్త మార్చి తయారుచేసిన అమినోప్టెరిన్‌ను 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ గారు రక్తక్యాన్సర్ పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టారు. కొందరిలో జబ్బు కొన్ని నెలలపాటు వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ను డాక్టర్లు నేటికీ రాస్తున్నారు.