ఈత రాని ఐన్‌స్టీన్ తెరచాప పడవ

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాదులో హుస్సేన్ సాగర్ గట్టున తడిబట్టలతో కూర్చుని ఉన్నాను. అంబేద్కర్ గారి గురించి, జాషువా గారి గురించి, కాటన్ దొర గురించి మన సంచికలో ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నాకంటే బాగా రాసేవాళ్ళు ఉన్నారు. ఆ రోజు నా మనసు మాత్రం ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ మీద ఉంది. ఎందుకో చెబుతాను.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తి చేసి ఉద్యోగం వెతుక్కుంటూ నేను హైదరాబాదులో ఉంటున్నాను. మా మిత్రుని తమ్ముడు గురుకులంలో చదువుతూ హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నేర్చుకుంటున్నాడు. ఒకప్పుడు సైనికాధికారులకు, డబ్బున్నవాళ్ళకు మాత్రమే దక్కిన ఈ ఆట కొన్నేళ్ళుగా బస్తీ పిల్లలకూ అందుతోంది. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ అలాంటి పిల్లలకు నేర్పి జాతీయ పోటీల దాకా పంపింది. ఆ తమ్ముడు పిలిస్తే ఒక ఆదివారం నేనూ వెళ్ళి పడవ ఎక్కాను. పదమూడేళ్ళ పిల్లల మధ్య ఇరవై మూడేళ్ళ కొత్త విద్యార్థిని నేను.

ముందు లైఫ్ జాకెట్ బిగించారు. ఈత వచ్చా అని అడిగారు. కడియం కాలువ పక్కన పుట్టి పెరిగి రాదని చెప్పడానికి సిగ్గేసింది. పడవ చిన్నది, తెరచాప ఒక్కటే. ఒక చేతిలో చుక్కాని కర్ర, రెండో చేతిలో తెరచాప తాడు. కర్రను ఎడమకు నెడితే పడవ కుడికి తిరుగుతుంది. భయమేస్తే తాడు వదిలెయ్యాలి. తెరచాపలోంచి గాలి జారిపోయి పడవ నెమ్మదిస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. అసలు చిక్కు ఎదురుగాలితో వచ్చింది. గాలికి సూటిగా ఎదురు వెళ్ళడం ఏ తెరచాప పడవ వల్లా కాదు. కొంత దూరం ఎడమకు ఏటవాలుగా, కొంత దూరం కుడికి ఏటవాలుగా, పాము నడక నడుస్తూ ముందుకు పోవాలి. పక్క మార్చిన ప్రతిసారీ తెరచాప అడుగున ఉన్న అడ్డకర్ర ఇటునుంచి అటు ఊగుతుంది, అప్పుడు తల వంచుకోవాలి. నేను వంచలేదు. తలకు దెబ్బ తగిలింది, పడవ బోర్లా పడింది. జాకెట్ ఉండబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను.

గట్టున కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది, ఐన్‌స్టీన్‌కూ ఈత రాదు. అయినా ఇరవై ఏళ్ళ వయసు నుంచి ముసలితనం దాకా తెరచాప పడవ వదల్లేదు. మన పాఠ్యపుస్తకాల్లో జుట్టు చెదిరిన ఆ ముసలాయన బొమ్మే ఉంటుంది. పడవలో కూర్చున్న మనిషి గురించి ఎవరూ చెప్పలేదు.

ఆయన 1879 మార్చి 14న జర్మనీలోని ఉల్మ్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి హెర్మన్‌ది విద్యుత్ పరికరాల వ్యాపారం. అది దెబ్బతిని 1894లో కుటుంబం ఇటలీకి వలసపోయింది. చదువు కోసం మ్యూనిక్‌లో ఒంటరిగా మిగిలిన ఆల్బర్ట్ ఆ బడి క్రమశిక్షణ భరించలేక మధ్యలోనే వదిలేసి తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళిపోయారు. లెక్కల్లో ఫెయిలయ్యారని మనలో చాలామంది చెప్పుకుంటారు. అది నిజం కాదు. పదహారేళ్ళకే, అంటే ఉండవలసిన వయసుకంటే ముందే, జ్యూరిచ్ పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష రాశారు. లెక్కల్లో, ఫిజిక్స్‌లో బాగా రాశారు, మిగతా సబ్జెక్టుల్లో తప్పారు. ఏడాదిపాటు ఆరావ్ అనే ఊళ్ళో బడికి వెళ్ళి, 1896లో సీటు సంపాదించారు.

జ్యూరిచ్ నగరం పెద్ద సరస్సు ఒడ్డున ఉంది. విద్యార్థిగా అక్కడి గదుల్లో అద్దెకుంటూనే ఆయన తెరచాప పడవ నడపడం మొదలుపెట్టారు. ఇంటివాళ్ళ అమ్మాయిని కూడా పడవలో తీసుకెళ్ళేవారట. జేబులో ఒక నోటుబుక్కు ఉండేది. గాలి ఆగి తెరచాప వాలిపోగానే అది తీసి లెక్కలు రాసుకునేవారు, గాలి రాగానే మూసి తాడు పట్టుకునేవారు. మిత్రులారా, నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా నచ్చిన బొమ్మ ఇది. గాలి లేదని విసుక్కుంటూ తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు రాలేదు. ఉన్నచోటే కూర్చుని పని చేసుకున్నారు.

1900లో పట్టా వచ్చింది కానీ ఉద్యోగం రాలేదు. తోటివాళ్ళకు సహాయక అధ్యాపకులుగా పనులు దొరికాయి, ఈయనకు దొరకలేదు. క్లాసులకు సరిగా వెళ్ళకపోవడం, ప్రొఫెసర్లకు ఎదురు మాట్లాడటం దానికి కొంత కారణం. ఊరూరా ఉత్తరాలు రాశారు. చిన్న చిన్న ట్యూషన్లు, తాత్కాలిక మాస్టరు పనులు చేశారు. 1901లో తండ్రి హెర్మన్ కొడుక్కు తెలియకుండా ఓస్ట్‌వాల్డ్ అనే పేరున్న ప్రొఫెసర్‌కు ఉత్తరం రాసి, మా అబ్బాయికి ఏదైనా దారి చూపండి అని వేడుకున్నారు. ఫలితం లేదు. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసేశాను. కడియపులంకలో నర్సరీలో మొక్కలకు మట్టి నింపే మా నాన్న కూడా నాకు చెప్పకుండా ఒక పెద్దమనిషి గుమ్మం ముందు నిలబడి వచ్చారు. ఆ సంగతి నాకు ఆర్నెల్ల తర్వాత అమ్మ ద్వారా తెలిసింది.

చివరికి తోటి విద్యార్థి గ్రోస్‌మన్ తండ్రి సిఫారసుతో 1902 జూన్‌లో బెర్న్ నగరంలో పేటెంట్ ఆఫీసులో మూడో తరగతి ఉద్యోగం వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో తండ్రి చనిపోయారు. కొడుకు కీర్తి చూడనే లేదు. మూడేళ్ళు తిరక్కుండానే, 1905లో, ఆ గుమాస్తా బల్ల దగ్గర నుంచే వెలుగు గురించి, అణువుల కదలిక గురించి, కాలం గురించి, ద్రవ్యరాశికీ శక్తికీ ఉన్న లంకె గురించి వరసగా వ్యాసాలు వచ్చి భౌతికశాస్త్రాన్ని తలకిందులు చేశాయి. వాటి గురించి మీ ఫిజిక్స్ మాస్టారు నాకంటే బాగా చెబుతారు. 1909లో ప్రొఫెసర్ అయ్యారు, 1914లో బెర్లిన్ చేరారు. 1919 మే 29 సూర్యగ్రహణం నాడు తీసిన ఫొటోలు నక్షత్రాల వెలుగు సూర్యుని దగ్గర వంగుతుందన్న ఆయన లెక్కను నిజం చేయడంతో లోకమంతా పేరు మోగిపోయింది. 1921 నోబెల్ బహుమతిని 1922లో ప్రకటించారు.

ఇల్లు మాత్రం అంత చక్కగా లేదు. తనతో కలిసి ఫిజిక్స్ చదివిన మిలేవాను 1903లో పెళ్ళాడి 1919లో విడాకులిచ్చారు. పిల్లల పెంపకం భారమంతా ఆమె మీదే పడింది. గొప్పవాళ్ళ జీవితం రాసేటప్పుడు ఇలాంటివి దాచడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు మన గోదావరికి సంబంధించిన ముక్క. 1926లో ఆయన ఒక చిన్న వ్యాసం రాశారు. నదులు ఎందుకు వంకర్లు తిరుగుతాయన్నది విషయం. టీ కప్పులో చెంచాతో తిప్పి వదిలేస్తే అడుగున ఉన్న టీ ఆకు అంచులకు పోకుండా మధ్యకు చేరుతుంది. మీరూ చూడవచ్చు. తిరిగే నీరు బయటికి నెట్టుకుపోతుంది కానీ, అడుగున ఉన్న నీరు కప్పును రాసుకుని నెమ్మదిస్తుంది కాబట్టి ఆ ఊపు తగ్గిపోతుంది. అందువల్ల పైనీరు అంచువైపు, అడుగునీరు మధ్యవైపు కదిలి ఆకును లాక్కొస్తుంది. నది మలుపులోనూ అదే జరుగుతుందన్నారాయన. పైనున్న జోరు నీరు మలుపు బయటి గట్టును కోస్తుంది, అడుగు నీరు ఇసుకను లోపలి గట్టుకు చేరుస్తుంది. కోసిన కొద్దీ మలుపు పెరుగుతుంది, మలుపు పెరిగిన కొద్దీ కోత పెరుగుతుంది.

మా తాతకు గోదావరి లంకలో అర ఎకరం పట్టా ఇచ్చారు. ఇప్పుడు పట్టా కాగితం మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది, నేల మాత్రం నదిలో ఉంది. ఆ నేల అంతా మా పాపం వల్ల పోయిందని నాయనమ్మ అంటుండేది. ఎమ్మెస్సీలో ఈ టీ కప్పు సంగతి చదివి వచ్చాక గ్లాసులో టీ పొడి వేసి తిప్పి ఆమెకు చూపించాను. చాలాసేపు చూసింది. మరి అవతలి గట్టున మేటవేసిన ఇసుక ఎవరిదిరా అని అడిగింది. ఐన్‌స్టీన్ వ్యాసంలో దానికి జవాబు లేదు.

1928లో ఆయన గుండెజబ్బుతో మంచాన పడ్డారు. మరుసటేడు యాభయ్యో పుట్టినరోజుకు స్నేహితులు కలిసి ఒక తెరచాప పడవ కానుకగా ఇచ్చారు. ఏడు మీటర్ల పొడవు, పేరు ట్యూమ్లర్, అంటే డాల్ఫిన్ లాంటి ఒక నీటి జంతువు. బెర్లిన్ పక్కన కాపుట్ అనే ఊళ్ళో సరస్సుల దగ్గర చెక్క ఇల్లు కట్టుకుని, నాలుగు వేసవులు ఆ పడవలోనే గడిపారు. పందేలంటే ఇష్టం లేదు, వేగమంటే ఇష్టం లేదు. గాలి ఎటు తీసుకెళితే అటు. ఆ నాలుగు వేసవులే దక్కాయి. 1932 డిసెంబరులో అమెరికా వెళ్ళారు, నెల తిరిగేసరికి హిట్లర్ గద్దెనెక్కాడు. యూదుడైనందుకు ఆయన బ్యాంకు డబ్బూ, ఆ పడవా 1933లో లాగేసుకున్నారు. పడవ ఎవరికో అమ్ముడుపోయింది. యుద్ధం ముగిశాక వెతికించినా దొరకలేదు. ఆయన మళ్ళీ జర్మనీలో అడుగు పెట్టలేదు.

అమెరికాలో ప్రిన్స్టన్‌లో స్థిరపడి ఇంకో చిన్న పడవ కొనుక్కున్నారు. దానికి టినెఫ్ అని పేరు పెట్టారు. యిడ్డిష్ భాషలో పనికిమాలిన చెత్త అని అర్థం. ఆ పడవతో ఆయన చేసినవి వింటే నవ్వొస్తుంది. 1935లో ఇసుక మేట మీద ఇరుక్కుంటే పత్రికలు ఎగతాళి చేశాయి. ఎన్నోసార్లు దారి తప్పారు, పడవ బోర్లా పడి ఇతరులు రక్షించిన సందర్భాలూ ఉన్నాయి. ఈత రాదు, అయినా లైఫ్ జాకెట్ వేసుకోనని మొండికేసేవారు. ఇది ధైర్యమని కొందరు రాస్తారు. నేనొప్పుకోను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి పదుల మంది పోయినప్పుడు మనమంతా టీవీ ముందు కూర్చుని చూశాం. నదీతీరంలో పుట్టినవాడెవడూ ఈ విషయంలో ఐన్‌స్టీన్‌ను మెచ్చుకోకూడదు.

1939 వేసవిలో సముద్రపు ఒడ్డున పడవ నడుపుకుంటూ సెలవు గడుపుతుండగా సిలార్డ్, విగ్నర్ అనే శాస్త్రవేత్తలు వెతుక్కుంటూ వచ్చి, జర్మనీ అణుబాంబు చేసే ప్రమాదం ఉందని హెచ్చరించారు. ఆగస్టు 2 తేదీతో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు రాసిన ఉత్తరం మీద ఆయన సంతకం చేశారు. బాంబు తయారీలో ఆయనకు పని ఇవ్వలేదు. ఆ సంతకం గురించి మాత్రం తర్వాత బాధపడ్డారు.

మన హాస్టల్ పిల్లలు తప్పక తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. 1937లో మరియన్ అండర్సన్ అనే నల్లజాతి గాయని ప్రిన్స్టన్‌లో కచేరీ చేయడానికి వస్తే ఊళ్ళో హోటల్ ఆమెకు గది ఇవ్వలేదు. ఐన్‌స్టీన్ తన ఇంట్లో ఉంచుకున్నారు. 1946లో నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన లింకన్ యూనివర్సిటీకి వెళ్ళి పిల్లలకు పాఠం చెప్పి వచ్చారు. అదే మనిషి 1922, 1923 ప్రయాణాల డైరీలో చైనావాళ్ళ గురించి చులకనగా రాసుకున్నారని 2018లో ఆ డైరీ ఇంగ్లీషులో అచ్చయ్యాక చాలామందికి తెలిసింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి నలభై మూడేళ్ళ మనిషిలాగే ఉండాలని లేదు. హైదరాబాదులో గది కోసం తిరుగుతూ మా కులం చెప్పాక మూడు చోట్ల అద్దెకు ఇవ్వలేదు. నాలుగో ఇంటి ముసలాయన ఏమీ అడక్కుండా తాళం చెవి చేతిలో పెట్టారు. అందుకని అండర్సన్ కథ నాకు పుస్తకంలో కథలా అనిపించలేదు.

ఐన్‌స్టీన్ 1955 ఏప్రిల్ 18న ప్రిన్స్టన్‌లో కన్నుమూశారు. సమాధి కట్టవద్దన్నారు. అదే రోజు దహనం చేసి, అస్థికలను ఎక్కడో, బయటివాళ్ళకు చెప్పని చోట కలిపారు.

ఈ సంగతులన్నీ ఫోన్లో చెబితే నాన్న చాలాసేపు విన్నారు. మా తాత కాలువ పడవల మీద కూలీ. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవారట, ఎదురైతే తాడు భుజానికి వేసుకుని గట్టు మీద నడుస్తూ పడవను లాగేవారట. పాము నడక నడవడానికి కాలువలో వెడల్పేదిరా అన్నారు నాన్న. అది నాకు తట్టనే లేదు. తాత భుజం మీది కాయ అలా వచ్చిందన్నమాట.

ఇప్పటికి నాలుగు పాఠాలయ్యాయి. నాలుగో నాడు పడవ బోర్లా పడలేదు. వేసవిలో ఇంటికి వస్తే కాలువలో ఈత నాన్నే నేర్పుతానన్నారు. కాలువ కట్టేసి మరమ్మతులు మొదలుపెట్టేలోపే రమ్మన్నారు.