జమీందారు అంటే ఎవరు?

తిరువూరు పల్లెల్లో ఫలానావారిది జమీందారీ వంశమంటే మన పెద్దలు కొందరు ఇప్పటికీ భుజం మీది కండువా దించుతారు. ఆ మాట వెనక ఏముందో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి జీవితంలో చూద్దాం.

1783లో ఆయన చింతపల్లి జమీకి వచ్చాడు. మన పక్క నందిగామ సీమా ఆయనదే. తర్వాత కాపురం అమరావతికి మార్చాడు. గుళ్లు కట్టించాడు, దానాలు చేశాడు. రాజా, మన్నె సుల్తాన్, బహద్దూర్ అనిపించుకున్నాడు. మన్నె అంటే కొండా అడవీ ఉన్న సీమ. సుల్తాన్ అరబ్బీ మాట. బహద్దూర్, జమీందారు పారశీ నుంచి వచ్చినవి. బిరుదులెన్నున్నా అసలు పని ఒకటే: రైతు దగ్గర శిస్తు వసూలు చేసి అటు నిజాముకో ఇటు కుంపిణీకో కట్టడం. 1802 శాశ్వత శిస్తు ఒప్పందం ఆ వసూలు హక్కును వంశపారంపర్యం చేసింది.

1816లో ఆయన పోయాక దత్తపుత్రులిద్దరూ ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడుకున్నారు. బకాయిలు పెరిగి జమీ కుంపిణీ పాలైంది. 1948 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలే పోయాయి.

ఇన్నేళ్లూ దున్నినవాడికి మాత్రం ఏ బిరుదూ దక్కలేదు. హక్కే పోయాక ఇంకా ఆ పేరుకు మొక్కడమెందుకు? కండువా భుజం మీదే ఉండనిద్దాం.