ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్యగారు

శ్రీ దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2 వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించిరి. పసితనముననే తల్లిదండ్రులను గోల్పోయి, బంధువుల పోషణలో పెరిగిరి. సీమకు పోయి ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందిరి. స్వదేశమునకు మరలి కొంతకాలము బందరు జాతీయకళాశాలలో బోధించి, పిమ్మట ఉద్యోగము విడిచి దేశసేవకు పూనుకొనిరి. రామదండు అను సేవాదళమును నెలకొల్పి, స్వచ్ఛంద సేవకులకు క్రమశిక్షణ నేర్పిరి.

1919 లో మదరాసు ప్రభుత్వము చీరాల, పేరాల గ్రామములను పురపాలక సంఘముగా చేసెను. అచటివారిలో నేతపనివారు, చిల్లర వ్యాపారులు పెక్కుమంది. పన్నుల భారము పలురెట్లు పెరిగెను. సౌకర్యములు మాత్రము పెరుగలేదు. ప్రజలు పన్ను చెల్లింప నిరాకరింపగా, ఒక స్త్రీతోసహా కొందరు చెరసాలకు పోయిరి.

1921 ఏప్రిల్‌లో బెజవాడ కాంగ్రెసు సభల పిమ్మట గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి రెండు మార్గములు సూచించిరి. ఒకటి, శాంతముతో పన్నుల నిరాకరణము సాగించుట. రెండవది, ఊరు విడిచిపోవుట. గోపాలకృష్ణయ్యగారు రెండవదానినే ఎన్నుకొనిరి. పురపాలక సంఘపు హద్దులు దాటినవారికి ఆ పన్ను లేదు. పోట్లాటకు అవకాశమును లేదు. కాని దాని వెల మిక్కిలి హెచ్చు. సుమారు పదిహేనువేల జనాభాలో పదమూడువేలమంది వరకు ఇండ్లు, కొట్లు మూసి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొనిరి. ఎండకు, వానకు ఓర్చి పదునొకండు నెలలు అందే కాపురముండిరి.

ఇంతలో, బరంపురమున ఆజ్ఞను మీరి ప్రసంగించినందుకు గోపాలకృష్ణయ్యగారికి ఒక సంవత్సరము శిక్ష పడెను. తిరుచిరాపల్లి జైలులో వారుండగా, రామనగరవాసులకు మార్గదర్శి కరవయ్యెను. ధనమును తరిగెను. చివరకు ప్రజలు ఇండ్లకు మరలిరి. పురపాలక సంఘము నిలిచియేయుండెను.

లెక్క చూచువారు దీనిని నష్టమందురు. వర్తకులమైన మనకు నష్టమన నేమో తెలియును. అంగడి ఒక్కదినము మూసిననే మనసు కలతపడును; వారు పదునొకండు నెలలు మూసిరి. అంతటి కష్టములోను ప్రతిపక్షముపై చేయి చేసికొనలేదు. అహింస యనగా ప్రాణిని చంపకుండుట మాత్రమే కాదు. అన్యాయమునకు లొంగకయే, దాని బాధను తాను భరించి, ఎదుటివానికి కీడు తలపకుండుట. చీరాలలోని సామాన్యగృహస్థులు దీనిని ఆచరించి చూపిరి.

ఆస్తిని, ఆరోగ్యమును దేశమునకు ధారపోసిన గోపాలకృష్ణయ్యగారు, క్షయవ్యాధిపీడితులై 1928 జూన్ 10 వ తేదీన, ముప్పదితొమ్మిదవ యేట కాలధర్మము నొందిరి. ఆంధ్రరత్న బిరుదము వారి పేరనే నేటికిని నిలిచియున్నది.