ముప్పై ఆరేళ్ళకి మొదటి టెస్ట్

నాకు పందొమ్మిదేళ్ళు. అప్పుడే లేట్ అయిపోయానేమో అని భయం. క్లాస్‌లో ఒకడికి ఇంటర్న్‌షిప్ వచ్చేసింది, ఇంకొకడు కోడింగ్ కాంటెస్ట్‌లు గెలుస్తున్నాడు. నేనేమో జనవరిలో మొదలుపెట్టిన తెలుగు డైరీని ఫిబ్రవరిలో వదిలేశాను. పొద్దున్నే పరుగెత్తడం పదకొండో రోజుతో ఆగిపోయింది. సరిగ్గా ఆ టైంలోనే సి.కె. నాయుడు గారి గురించి చదివాను.

మన మంగళగిరి దగ్గర నవులూరులో స్టేడియం ఉంది కాబట్టి క్రికెట్ మనకి కొత్త కాదు. కానీ ఇండియా మొట్టమొదటి టెస్ట్ కెప్టెన్ తెలుగువాడని నాకు తెలియదు. పూర్తి పేరు కఠారి కనకయ్య నాయుడు. కుటుంబం మూలాలు మచిలీపట్నంలో ఉన్నా, ఆయన పుట్టింది నాగ్‌పూర్‌లో, 1895 అక్టోబర్ 31న.

1916లో బొంబాయి క్వాడ్రాంగులర్‌లో హిందూ జట్టు తరఫున ఆయన తొలి ఫస్ట్ క్లాస్ మ్యాచ్ ఆడారు. బ్యాటింగ్‌కి దిగింది చివర్లో. మూడు బంతులు అడ్డుకుని, నాలుగోది సిక్స్ కొట్టారు. మొదలు అదిరింది కానీ, ఆ రోజుల్లో ఇండియాకి టెస్ట్ హోదానే లేదు. ఎంత బాగా ఆడినా ఎక్కడానికి ఆ పై మెట్టు అసలు కట్టలేదన్నమాట. ఇలా పదహారేళ్ళు గడిచాయి.

ఆయన ఆట మాత్రం ఆపలేదు. 1926 డిసెంబర్‌లో ఇంగ్లాండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద బాంబే జింఖానాలో 153 పరుగులు చేశారు. రెండు గంటలు కూడా పట్టలేదు, అందులో 11 సిక్సర్లు! ఇండియన్లు టెస్ట్‌లు ఆడగలరన్న నమ్మకం ఆ సిరీస్‌తో బలపడింది. 1928లో బి.సి.సి.ఐ. పుట్టింది. లేని మెట్టు కట్టడంలో ఆయన చెయ్యి కూడా ఉందన్నమాట.

చివరికి 1932 జూన్ 25న లార్డ్స్‌లో తొలి టెస్ట్ జరిగింది. అప్పట్లో కెప్టెన్సీ అంటే రాజులదే. ఆ టూర్‌కి కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు. ఆయన తప్పుకోవడంతో టెస్ట్‌లో నాయుడు గారు జట్టుని నడిపించారు. అప్పటికి ఆయన వయసు 36. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా, మొదటి ఇన్నింగ్స్‌లో మన జట్టు టాప్ స్కోర్ ఆయనదే, 40 పరుగులు. మ్యాచ్ ఓడిపోయాం. కానీ ఆ టూర్ మొత్తంలో ఆయన ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌ల్లో 1,618 పరుగులు, 65 వికెట్లు సాధించారు.

1936లో కెప్టెన్సీ మన విజయనగరం మహారాజకుమార్ విజ్జీకి వెళ్ళింది. వాళ్ళిద్దరికీ అస్సలు పొసగలేదు. అయినా నాయుడు గారు ఆ జట్టులో ఆడారు. ఓవల్ టెస్ట్‌లో బంతి గుండె దగ్గర బలంగా తగిలినా క్రీజ్ వదలకుండా 81 పరుగులు చేశారు. టెస్ట్‌ల్లో అదే ఆయన చివరి ఇన్నింగ్స్, అదే అత్యధిక స్కోర్.

మొత్తం 7 టెస్ట్‌లు, 350 పరుగులు, సగటు 25. కెప్టెన్‌గా ఒక్క గెలుపు కూడా లేదు. ఈ అంకెలు రెజ్యూమెలో పెడితే ఇవాళ షార్ట్‌లిస్ట్ కూడా అవ్వవు!

కథ అక్కడితో అయిపోలేదు. 50 ఏళ్ళ వయసులో, 1945-46 రంజీ ఫైనల్లో, హోల్కర్ జట్టు కోసం డబుల్ సెంచరీ కొట్టారు. 58 ఏళ్ళప్పుడు ఆంధ్రా తరఫున కూడా రంజీ ఆడారు. 61 ఏళ్ళప్పుడు ఉత్తరప్రదేశ్‌కి ఆడారు. ఇక చివరి ఫస్ట్ క్లాస్ మ్యాచ్ నాటికి వయసు 68! 1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశారు.

ఇదంతా చదివాక నాకు ఒకటి అర్థమైంది. నేను బాగుపడటం అంటే పక్కవాడి కంటే ముందు చేరడం అనుకుంటున్నాను. ఆయన దగ్గర అలాంటి లెక్క నాకు కనబడలేదు. ఛాన్స్ ఎప్పుడు వస్తుందో ఆయన చేతిలో లేదు, కెప్టెన్సీ ఎవరికిస్తారో కూడా ఆయన చేతిలో లేదు. వచ్చిన రోజున ఒంట్లో ఆట ఉండటం మాత్రం ఆయన చేతిలో ఉంది. దాన్ని పట్టుకునే ఉన్నారు.

నిజం చెప్పాలంటే నాకు అంత పట్టుదల లేదు. ఈ వ్యాసం పూర్తి చెయ్యడానికే మూడు వారాలు పట్టింది, పైగా ఒత్తులు సరిచూసింది మా అమ్మ. కానీ నిన్న రాత్రి డైరీ బయటికి తీశాను. మధ్యలో ఖాళీగా వదిలేసిన పేజీలు చాలా ఉన్నాయి. వాటిని అలాగే వదిలేసి, నిన్నటి తేదీ వేసి నాలుగు లైన్లు రాశాను.