సిద్ధపడిన సేవకురాలు డాక్టర్ షెల్లెన్‌బర్గ్

శంషాబాద్ అనగానే ఇప్పుడు అందరికీ విమానాశ్రయమే గుర్తొస్తుంది. 2008లో అది ప్రారంభమైంది. దేశవిదేశాల వారు అక్కడ దిగి, కార్లెక్కి వెళ్లిపోతుంటారు. అదే శంషాబాద్ ఒకప్పుడు హైదరాబాద్ నుంచి పాలమూరు వెళ్లే దారిలో ఉన్న చిన్న ఊరు. ఆ ఊరికి జనం ఎడ్లబండ్ల మీద, కాలినడకన వచ్చేవారు. పురిటి నొప్పులు పడుతున్న తల్లులను, జ్వరంతో మూలుగుతున్న పిల్లలను తెచ్చుకునేవారు. ఎందుకంటే అక్కడి మిషన్ ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉండేవారు. ఆమె పేరు కాథరినా షెల్లెన్‌బర్గ్. మెన్నొనైట్ బ్రదరన్ సంఘం నుంచి మన తెలుగు నేలకు వచ్చిన తొలి వైద్య మిషనరీ ఆమె.

ఎం.బి. సంఘాల పెద్దలకు ఈ పేరు కొత్త కాదు. అయితే ఆమె ఎన్నేళ్లు సేవ చేశారన్నదే మనం చెప్పుకుంటాం గాని, ఆ సేవకు ఎలా సిద్ధపడ్డారన్నది అంతగా చెప్పుకోం. నేటి విశ్వాసులు నేర్చుకోవలసిన పాఠం అక్కడే ఉంది.

కాథరినా 1870లో దక్షిణ రష్యాలో, అంటే నేటి ఉక్రెయిన్ ప్రాంతంలో, ఒక మెన్నొనైట్ కుటుంబంలో జన్మించారు. తండ్రి అబ్రహాం షెల్లెన్‌బర్గ్ సంఘ పెద్ద. మెన్నొనైట్లు 16వ శతాబ్దపు సంస్కర్త మెన్నో సైమన్స్ బోధను అనుసరించేవారు. ఆయుధం పట్టడం క్రీస్తు శిష్యులకు తగదని వారి నమ్మకం. 1874లో రష్యా ప్రభుత్వం సైనిక సేవను అందరికీ తప్పనిసరి చేసింది. ఆ రోజుల్లోనే వేలాది కుటుంబాలు పండే పొలాలను, కట్టుకున్న ఇళ్లను విడిచి అమెరికా దారి పట్టాయి. షెల్లెన్‌బర్గ్ కుటుంబం 1879లో కాన్సాస్ చేరింది. అప్పటికి కాథరినాకు ఇంకా తొమ్మిదేళ్లు నిండలేదు. విశ్వాసం కోసం ఇల్లు వదలడమంటే ఏమిటో ఆ చిన్నారి బడి పుస్తకాల్లో కాదు, ప్రయాణపు మూటల మధ్య నేర్చుకుంది.

ఆ ప్రజల దృష్టి మన నేల మీద ఎలా పడింది? 1889లో అబ్రహాం ఫ్రీసెన్, మరియ దంపతులు రష్యా మెన్నొనైట్ బ్రదరన్ సంఘం నుంచి మన దేశానికి వచ్చారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి 1890లో నల్గొండలో పని మొదలుపెట్టారు. వారి పరిచర్య కబురు అమెరికాలోని సంఘాలకు చేరింది. అక్కడి నుంచి 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు, ఎలిజబెత్ నాయిఫెల్డ్ హైదరాబాద్ వచ్చారు. తర్వాత మలక్‌పేట, నాగర్‌కర్నూలు, దేవరకొండ మిషన్ స్టేషన్లయ్యాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. హీబర్ట్ గారు వచ్చి రెండేళ్లు తిరగకుండానే ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిని తిరిగి అమెరికా వెళ్లిపోవలసి వచ్చింది. మనుషులు చూసే చూపుతో చూస్తే అది ఓటమి. భాష నేర్చుకోవడానికే చాలని కాలంలో పని ముగిసిపోయింది. కానీ దేవుడు ఆయనను పక్కన పెట్టలేదు. స్వదేశంలో ఉండి ఆయన కొన్ని దశాబ్దాల పాటు మిషన్ బోర్డు బాధ్యతలు మోశారు. పాలమూరు, నల్గొండ సీమలకు సేవకులను పంపడంలో పాలుపంచుకున్నారు. తాను ఒక్కడూ చేయగలిగిన దానికంటే ఎక్కువ పని ఆయన వెనుదిరిగిన తర్వాతే జరిగింది.

ఎపఫ్రొదితు సంగతి గుర్తుందా? అతడు ఫిలిప్పీ సంఘం పంపగా పౌలుకు సేవ చేయడానికి వచ్చాడు, రోగియై చావుకు దగ్గరయ్యాడు. పౌలు అతణ్ణి పని మధ్యలో వదిలేశాడని నిందించలేదు. ఇంటికి పంపించి, అలాంటి వారిని ఘనపరచండని సంఘానికి రాశాడు (ఫిలిప్పీ 2:25-30). జబ్బుపడిన సేవకుణ్ణి ఇంటికి పంపడం కూడా దేవుని పనిలో భాగమేనని దీన్నిబట్టి తెలుస్తోంది.

మళ్లీ కాథరినా దగ్గరికి వద్దాం. తెలుగు నేల పిలుపు విన్న ఆమె ఆ రోజే ఓడ ఎక్కలేదు. మొదట నర్సుగా శిక్షణ పొందారు. అది చాలదనుకున్నారు. ముప్పై ఏళ్లు దాటిన వయసులో మళ్లీ విద్యార్థినిగా మారి వైద్య కళాశాలలో చేరారు. ఆ కాలంలో అమెరికాలో హోమియో వైద్య కళాశాలలు చాలా ఉండేవి. అలాంటి కళాశాలలోనే చదివి డాక్టరయ్యారు. ఆడవాళ్లు డాక్టరు చదువు చదవడమే అరుదైన రోజులవి. తన సంఘంలో ఆమెకంటే ముందు ఆ దారిన నడిచి వైద్య మిషనరీ అయినవారు లేరు. 1907లో మన దేశానికి బయలుదేరేనాటికి ఆమెకు 36 ఏళ్లు నిండాయి.

అవతల ఆత్మలు నశిస్తుంటే ఇవతల కూర్చుని ఇన్నేళ్లు చదువుకోవడం ఏమిటని ఎవరికైనా అనిపించవచ్చు. తనకోసం తాను సమయం తీసుకోవడం స్వార్థం కాదా? కానీ యేసు ప్రభువు జీవితాన్నే చూడండి. బహిరంగ పరిచర్య ఆరంభించేనాటికి ఆయనకు ఇంచుమించు ముప్పై ఏళ్లు (లూకా 3:23). మూడున్నరేళ్ల పనికి ముప్పై ఏళ్ల మౌనం! నజరేతులో వడ్రంగి పనిముట్లు పట్టిన ఆ ఏళ్లు వృథా కాలేదు. గొడ్డలికి పదును పెట్టే సమయం చెట్టు నరికే పనిలో భాగమే. తన్ను తాను పట్టించుకోవడమంటే సుఖం వెదుక్కోవడం కాదు, దేవుడు అప్పగించిన పనిముట్టును తుప్పు పట్టకుండా చూసుకోవడం.

ఆమె దిగిన లోకం ఎలాంటిది? నిజాం పాలనలోని పాలమూరు, నల్గొండ ఎగువ నేలలు. వానలు పడితే పంట, పడకపోతే వలస. తాగునీటికి దిగుడు బావులు. ఆ బావి నీళ్లతోపాటే నారికురుపు వచ్చేది. కాలి నుంచి బయటికొచ్చే పురుగును పుల్లకు చుట్టి రోజుకింత లాగుతూ, పొలం పనికి పోలేక మంచం పట్టినవారు పల్లెపల్లెనా ఉండేవారు. ఆ జబ్బు మన దేశంలో నిర్మూలన అయిందని ప్రకటించడానికి 2000 దాకా ఆగవలసి వచ్చింది. అది కాక కలరా, మశూచి, చలిజ్వరం. ఆమె వచ్చిన మరుసటి ఏడాదే, 1908 సెప్టెంబరులో, మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి దేశమంతటినీ కుదిపింది.

పైగా ఘోషా పాటించే ఇళ్లలోని స్త్రీలు మగ డాక్టరుకు నాడి చూపించేవారు కాదు. మంత్రసాని చేతిలో కాన్పు కష్టమైతే ఇక దిక్కులేదు. అలాంటి చోట ఒక స్త్రీ డాక్టరు రావడమంటే తలుపు తెరుచుకున్నట్టే. తొలి ఏళ్లలో మిషన్ స్టేషన్లలో పనిచేసిన షెల్లెన్‌బర్గ్ గారికి తర్వాత శంషాబాద్ స్థిరమైన చోటయింది. అక్కడి ఆసుపత్రే ఆమె పరిచర్యకు కేంద్రమయింది. ఆమె పెళ్లి చేసుకోలేదు. 1945 జనవరి 1న, 74 ఏళ్ల వయసులో, శంషాబాద్‌లోనే ప్రభువు సన్నిధికి చేరారు.

ఈ లెక్క ఒకసారి చూడండి. పుట్టిన 1870 నుంచి మన దేశానికి వచ్చిన 1907 దాకా 37 ఏళ్లు. అక్కడి నుంచి చివరి రోజు దాకా మరో 37 ఏళ్లు. జీవితం సరిగ్గా రెండు సగాలు. మొదటి సగంలో దేవుడు ఆమెను కట్టాడు, రెండో సగంలో ఆమె చేత కట్టించాడు. మొదటి సగం లేకపోతే రెండో సగం ఇంతకాలం నిలిచేదా?

మిషనరీలు వేసవిలో కొడైకెనాల్, ఊటీ వంటి చల్లని చోట్లకు వెళ్లేవారనీ, కొన్నేళ్లకోసారి సెలవు మీద స్వదేశం వెళ్లేవారనీ వింటే మనలో కొందరు నవ్వుతారు. దొరలకు సుఖం కావాలి మరి అంటారు. కానీ ఆ ఏర్పాటు సమాధుల దగ్గర నేర్చుకున్న పాఠం. తొలితరంలో ఎంతోమంది మిషనరీలు, వారి భార్యలు, పసిపిల్లలు ఈ ఎండలకు, జ్వరాలకు ఆహుతయ్యారు. తెలుగువారి మధ్య బాప్టిస్టు మిషన్‌కు ఆద్యుడైన శామ్యూల్ డే 1836లో వచ్చి, 1840లో నెల్లూరులో పని ప్రారంభించాడు. ఆరోగ్యం చెడి ఆయన కూడా స్వదేశం తిరిగి వెళ్లవలసి వచ్చింది. సేవకుడు బతికుంటేనే సేవ సాగుతుందని సంఘాలు కన్నీళ్లతో తెలుసుకున్నాయి.

నిజానికి ఈ ఏర్పాటు మిషన్ బోర్డులు కనిపెట్టింది కాదు. శిష్యులు పరిచర్య ముగించి తిరిగి వచ్చినప్పుడు, భోజనం చేయడానికి కూడా తీరిక లేనంతగా జనం మూగితే, ప్రభువే వారిని ఏకాంత స్థలానికి పిలిచి కొంచెం అలసట తీర్చుకోమన్నాడు (మార్కు 6:31). కర్మెలు కొండ మీద గెలిచిన ఏలీయా బదరీ చెట్టు కింద చావు కోరుకుంటే, దేవుడు మొదట ప్రసంగం వినిపించలేదు. నిద్రపుచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు (1 రాజులు 19:4-8). పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పు తీర్చే మోషేకు మామ యిత్రో చేత బుద్ధి చెప్పించాడు, పని పంచుకోమన్నాడు (నిర్గమ 18). నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమించాలన్న ఆజ్ఞలో నిన్ను నీవు ద్వేషించుకోమన్న మాట ఎక్కడా లేదు.

ఇవాళ మన సంఘాల్లో జరుగుతున్నదేమిటి? పాస్టరుగారికి షుగరు ఉంటుంది. ఉదయం ఒక ఊళ్లో ఆరాధన, మధ్యాహ్నం మరో ఊళ్లో కూటం, రాత్రి ఇంకో ఊళ్లో ప్రార్థన. మాత్ర వేసుకునే వేళకు ఆయన బస్సులో ఉంటారు. మన ఇంటి కూటానికి రాకపోతే మనమే నొచ్చుకుంటాం. తల్లి గుండెనొప్పిని చీర కొంగులో దాచుకుని అందరికీ వండి పెడుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, ప్రార్థన చేసుకుంటున్నాను కదా, మందులెందుకని అంటుంది. దాన్ని మనం విశ్వాసమని మెచ్చుకుంటాం. కొన్నాళ్లకు సమాధి కార్యక్రమంలో ఆమె త్యాగం గురించి సాక్ష్యం చెబుతాం. ఆ సాక్ష్యంలో సగం మన తప్పేనని ఒప్పుకునే ధైర్యం మనకుందా?

షెల్లెన్‌బర్గ్ గారి జీవితం ఈ పొరపాటుకు సూటి జవాబు. దేవుణ్ణి నమ్మి సముద్రాలు దాటిన ఆమె మందుల పెట్టె తెచ్చుకున్నారు. ప్రార్థనకూ వైద్యానికీ పోటీ ఉంటే ఒక విశ్వాసి అన్నేళ్లు కష్టపడి డాక్టరు చదువు ఎందుకు చదువుతుంది? కడుపు జబ్బుతో బాధపడే తిమోతికి పౌలు కూడా ఆరోగ్యం కోసం ఏం చేయాలో చెప్పాడు (1 తిమోతి 5:23). మన దేహం పరిశుద్ధాత్మకు ఆలయమన్నది (1 కొరింథీ 6:19) పాపం విషయంలోనే కాదు, నిద్ర విషయంలో, తిండి విషయంలో, మాత్రల విషయంలో కూడా గుర్తుంచుకోవలసిన మాట.

అయితే ఒక జాగ్రత్త. ఆరోగ్యం, విశ్రాంతి అని చెప్పి సేవ నుంచి తప్పుకునేవారూ ఉన్నారు. వారికి కూడా ఈ డాక్టరమ్మ జీవితమే జవాబు. ఆమె తన్ను తాను సిద్ధం చేసుకున్నది దాచుకోవడానికి కాదు, ఖర్చు పెట్టడానికి. అమెరికాలో ఉండి ఉంటే మంచి ప్రాక్టీసు, సొంత ఇల్లు, ఆప్తుల మధ్య వృద్ధాప్యం దొరికేవి. అవేవీ ఆమె కోరుకోలేదు. ఏడు పదులు దాటాక, రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజుల్లో కూడా ఆమె ఉన్న చోటు శంషాబాదే. దీపానికి నూనె పోసుకోవాలి, కానీ వెలిగించడానికే పోసుకోవాలి. నూనె పోయకుండా వెలిగిస్తే వత్తి కాలిపోతుంది. నూనె పోసి వెలిగించకపోతే ఇల్లు చీకటిగానే ఉంటుంది.

గొప్పతనం ఎక్కడుంటుందో ప్రభువు ముందే తేల్చి చెప్పాడు. మీలో గొప్పవాడు కాగోరితే పరిచారకుడు కావాలన్నాడు (మార్కు 10:43). ఆ గొప్పతనం బయట అతికించేది కాదు, లోపల దేవుడు ఉంచేది. మనం మట్టి కుండలం, ఐశ్వర్యం మాత్రం ఆయనది (2 కొరింథీ 4:7). మట్టి కుండ అని తెలిసినవాడు రెండు పనులు చేస్తాడు. కుండ పగిలిపోకుండా జాగ్రత్తగా పట్టుకుంటాడు. అందులో ఉన్నదాన్ని దాహంతో ఉన్నవారికి పోస్తాడు.

షెల్లెన్‌బర్గ్ గారి తర్వాత కూడా ఎం.బి. మిషన్ వైద్య సేవ ఆగలేదు. జడ్చర్లలో మెడికల్ సెంటర్ వెలసింది. ఇప్పుడు జిల్లాల సరిహద్దులు మారాయి. శంషాబాద్ రంగారెడ్డి జిల్లాలో ఉంది, 2016లో నాగర్‌కర్నూలు తానే జిల్లా అయింది. ఆనాటి మిషన్ పొలంలో విత్తిన విత్తనాలు మాత్రం పల్లెపల్లెనా సంఘాలుగా నిలిచి ఉన్నాయి. ఆ సంఘాల బిడ్డలు ఎందరో నర్సులుగా, డాక్టర్లుగా పనిచేస్తున్నారు.

ఈ ఆదివారం ఆరాధన ముగిశాక మీ పాస్టరుగారిని ఒక్క మాట అడగండి. అయ్యగారూ, ఈ నెల డాక్టరుకు చూపించుకున్నారా అని. ఇంటికెళ్లి అమ్మను కూర్చోబెట్టి, ఆ పూట వంట మీరు చేయండి. మీలో ఎవరైనా చదువు మధ్యలో ఆగి, దేవుని పనికి ఆలస్యమైపోయిందని కుంగిపోతుంటే, 36 ఏళ్లు నిండాక ఓడ ఎక్కిన ఆ డాక్టరమ్మను తలచుకోండి. దేవుని లెక్కలో సిద్ధపాటుకు ఆలస్యం లేదు, విశ్రాంతికి నేరం లేదు, ప్రేమతో చేసిన సేవకు మరపు లేదు. ఆమెన్.