యువకుల ఆశ్రయదాత జాన్ బోస్కో

మహనీయుల చరిత్రములను చదువునపుడు మనము సాధారణముగా వారు గెలిచిన యుద్ధములను, ఏలిన రాజ్యములను, కనుగొనిన వింతలను తలంచుకొందుము. కాని లోకమున మరియొక తెగకు చెందిన మహనీయులు కలరు. తలుపు తట్టినవానికి తలుపు తీయుటయే వారి ఘనకార్యము. అట్టివారిలో ఇటలీ దేశీయుడగు జాన్ బోస్కో ఒకడు. అనాథ శిశువునకు అన్నము పెట్టుట పుణ్యమని అందరును ఎరుగుదురు. కాని ఆ శిశువు పెరిగి పదునారేండ్ల వాడై, శరణాలయమునుండియో చెరసాలనుండియో వెలికివచ్చి, మహానగరపు వీధిలో ఒంటరిగా నిలిచిన దినమున వానికేమి కావలయును? ఈ ప్రశ్నకు తన జీవితమునే ఉత్తరముగా నిచ్చినవాడు బోస్కో. విద్యార్థులును వారి తలిదండ్రులును ఆయన చరిత్రమును తెలిసికొనుట మేలని తలంచి సంగ్రహముగా నిచట వ్రాయుచున్నాము.

ఆయన 1815 వ సంవత్సరము ఆగస్టు 16 వ తేదీన, ఇటలీ ఉత్తరభాగమందలి పీడ్‌మాంటు సీమలో బెక్కి అను చిన్న పల్లెలో జన్మించెను. తండ్రి ఫ్రాంచెస్కో పేద సేద్యగాడు. బిడ్డకు రెండేండ్లు నిండకమునుపే, 1817 లో, ఆయన వ్యాధిగ్రస్తుడై మరణించెను. తల్లి మార్గరీత చదువెరుగనిది. కాని వివేకమునందును ధైర్యమునందును ఆమెకు సాటివారు అరుదు. తన యిద్దరు కుమారులను, భర్త మొదటి భార్యకు పుట్టిన అంతోనియోను, వృద్ధురాలగు అత్తగారిని ఆమె తన రెక్కల కష్టముతో పోషించెను. జానుకు చదువుపై మక్కువ మెండు. పొలము పనికి రావలసిన తమ్ముడు పుస్తకము పట్టుట అంతోనియోకు గిట్టలేదు. ఇంట కలహము ముదిరెను. తుదకు 1828 వ సంవత్సరపు చలికాలమున, పదుమూడేండ్లయిన నిండని కుమారుని చేతికి బట్టల మూట నిచ్చి, ఎచటనైన పని వెదకికొమ్మని తల్లి కన్నీటితో సాగనంపవలసి వచ్చెను. ఆ బాలుడు మోల్యా వారి కమతమున పసులకాపరిగా కుదిరి, రెండేండ్లకు కొంచెము తక్కువగా నుండెను. ఇల్లు విడిచి పరుల పంచను బ్రతుకు బాలుని మనస్సు ఎట్లుండునో ఆయన పుస్తకములవలన నేర్చుకొనలేదు.

పిమ్మట 1831 లో కియేరి పట్టణమునకు చదువుకై పోయెను. ఖర్చులకు చాలక, కొన్నాళ్లు కాఫీ హోటలులో పనిచేయుచు, అచటనే మెట్లక్రింది ఇరుకు చోటున పరుండుచు చదువు సాగించెను. దర్జీపని మొదలగు చేతిపనులు కొన్ని విద్యార్థిదశలోనే అబ్బెను. అవి తరువాత ఎంత అక్కరకు వచ్చినవో ముందు తెలియగలదు. 1841 వ సంవత్సరము జూను 5 వ తేదీన ఆయన గురుపట్టమును పొందెను. ఇటలీలో గురువులను గౌరవముతో డాన్ అని పిలుచుట వాడుక. అందువలననే లోకము ఆయనను డాన్ బోస్కో అనుచున్నది.

అనంతరము ఆయన ట్యూరిన్ నగరమునకు వచ్చెను. ఆ కాలమున నగరము విస్తరించుచుండెను. చుట్టుపట్టు పల్లెలనుండియు, కొండసీమలనుండియు బీద బాలురు పనికై గుంపులుగా వచ్చుచుండిరి. కొందరు తాపీపనివారికి సున్నము మోయుదురు; కొందరు పొగగొట్టములు తుడుతురు; పని దొరకని దినమున వీధియే వారికి గతి. డాన్ బోస్కో తన గురువగు కఫాస్సో వెంట చెరసాలలకు పోయి చూడగా, పండ్రెండు మొదలు పదునెనిమిది ఏండ్ల లోపు బాలురు అనేకులు పెద్ద నేరస్థులతో కలసి మ్రగ్గుచుండిరి. అంతకంటె ఆయనను కలచివేసినది మరియొకటి. విడుదలయైనపుడు మంచివారమై బ్రతుకుదుమని నిశ్చయించుకొని వెడలినవారే కొలది దినములలో మరల అచటికే వచ్చుచుండిరి. వారికి బుద్ధి లేక కాదు, వెలుపల నిలువనీడయు, పలుకరించు మనిషియు లేకపోవుటవలన అట్లయ్యెనని ఆయన గ్రహించెను. బయట వారికొక మిత్రుడున్నచో లోనికి మరలువారి సంఖ్య తగ్గునని ఆయన నమ్మెను.

ఆ యేడు డిసెంబరు 8 వ తేదీన ఒక దేవాలయమున జరిగిన చిన్న సంగతి ఆయన పనికి నాంది యయ్యెను. పూజకు సాయము చేయనెరుగడని ఒక కుర్రవానిని గుడి పరిచారకుడు కొట్టి తరుమగా, డాన్ బోస్కో వానిని తన మిత్రుడని చెప్పి వెనుకకు పిలిపించెను. వాని పేరు బర్తొలొమేయో గారెల్లి, వయస్సు పదునారేండ్లు, తలిదండ్రులు లేరు, చదువనెరుగడు, వ్రాయనెరుగడు. దేనిని అడిగినను తెలియదనుచు సిగ్గుపడుచున్న వానిని, ఈల వేయ వచ్చునా యని ఆయన అడుగగా వాడు నవ్వెను. ఆ నవ్వుతో వాని భయము తీరెను. మరుసటి ఆదివారము వాడు మరికొందరిని వెంటబెట్టుకొని వచ్చెను. ఇట్లు ఆదివారపు కూటము ఏర్పడి, ఆటపాటలతోను, చదువుతోను, ప్రార్థనతోను దినదినము పెరిగెను.

అయితే నూర్ల కొలది బాలుర సందడిని సహించు ఇరుగుపొరుగు దొరకుట కష్టము. ధర్మాసుపత్రి గదులు, పిండిమరల చెంత ప్రార్థనాలయము, శ్మశానవాటిక గుడి, అద్దె గదులు, బయలు మైదానము, ఇన్ని తావులనుండి వారు లేచిపోవలసి వచ్చెను. ఆయనకు మతి చలించెనని కొందరు మిత్రులే అనుకొనిరి. తుదకు 1846 ఏప్రిలు 12, పునరుత్థాన పండుగ నాడు, వాల్దొక్కో అను పేటలో పినార్ది యనువాని పాకలో వారికి నిలుకడ దొరకెను. పైకప్పు మిక్కిలి తగ్గుగా నుండుటచే నేలను కొంత లోతుగా త్రవ్వించి దానిని ప్రార్థనాలయము చేసికొనిరి. ఆ వేసవిలో ఆయన తీవ్రముగా జబ్బుపడి, స్వగ్రామమున కోలుకొని, నవంబరు 3 వ తేదీన తల్లిని వెంటబెట్టుకొని కాలినడకను నగరమునకు తిరిగివచ్చెను. సొంత యిల్లు, మనుమలు, పెరటితోట విడిచి ఏబదియెనిమిదేండ్ల వయస్సున ఆమె పరుల పిల్లలకు తల్లి యగుటకు బయలుదేరెను.

ఆదివారము బాగుగనే గడచుచుండెను. మరి రాత్రి? వంతెనల క్రిందను, పశువుల కొట్టములలోను పరుండువానికి వారమునకొకనాటి బోధ ఎంతవరకు నిలుచును? డాన్ బోస్కో కొందరిని గడ్డి అటుకపై పరుండబెట్టగా, తెల్లవారుసరికి వారు దుప్పట్లను కంబళ్లను తీసికొని మాయమైరి. ఇది ఒకసారి కాదు, పలుమారులు జరిగెను. అయినను 1847 మే మాసమున ఒక వానరాత్రి, తడిసి వణకుచు ఒక పదునైదేండ్ల తాపీపని కుర్రవాడు తలుపు తట్టెను. తలిదండ్రులు లేని ఆ కుర్రవాడు వాల్సేసియా కొండసీమనుండి పనికై వచ్చి, తెచ్చుకొన్న మూడు లీరాలును ఖర్చుచేసికొనెను. మార్గరీత వానిని నిప్పు చెంత కూర్చుండబెట్టి, గంజియు రొట్టెయు పెట్టెను. వీడును కుండలెత్తుకొని పోవునేమోయని ఆమెకు శంక లేకపోలేదు. తల్లియు కుమారుడును కలసి ఇటుకలు పేర్చి, పలకలు పరచి, వంటయింటనే పడక అమర్చిరి. నిదురబోవుటకు ముందు ఆమె పనినిగూర్చియు, నిజాయితీనిగూర్చియు, దేవునిగూర్చియు నాలుగు మాటలు చెప్పెను. ప్రతిరాత్రియు పిల్లలతో నాలుగు మంచి మాటలు చెప్పు అలవాటు ఆ యింట నాటినుండియే ఏర్పడెనందురు. ఈ కుర్రవాడు కుండల నెత్తుకొని పోలేదు. వాని వెనుక మరియొకడు, వాని వెనుక మరికొందరు వచ్చిరి. 1851 లో ఆయన ఆ యింటిని కొనెను.

ఈ గృహపు ఏర్పాటులో గమనింపదగిన విశేషము కలదు. అది పిల్లలను లోపల బంధించి పోషించు సత్రము కాదు. ఉదయమున కుర్రవాండ్రు నగరములోని పనిశాలలకు పోవుదురు. మాపటికి ఇంటికి వచ్చి భుజించి, రాత్రిబడిలో చదువుదురు. పనిచేయు తావులకు డాన్ బోస్కో తానే పోయి విచారించుచుండెను. అంతతో ఊరకుండక, 1851, 1852 సంవత్సరములలో యజమానులతో స్టాంపు కాగితముపై కరారునామాలు వ్రాయించెను. యజమాని కుర్రవానికి వృత్తిని సంపూర్ణముగా నేర్పవలెను. తప్పుచేసిన మాటతో మందలింపవలెనే గాని కొట్టరాదు. వృత్తికి సంబంధింపని ఇంటిచాకిరి చేయింపరాదు. ఆదివారములును పండుగలును విడువవలెను. కూలి కాలక్రమమున పెంచవలెను. కుర్రవాడును వినయముతో శ్రద్ధగా పని నేర్వవలెను. వాని నడవడికి డాన్ బోస్కో పూచీపడెను. తండ్రి లేనివాని పక్షమున సంతకముచేయు పెద్ద ఒకడు దొరకుట ఎంత బలమో పని వెదకిన ప్రతి యువకుడు ఎరుగును.

1850 లో ఆయన పరస్పర సహాయసంఘము నొకదానిని స్థాపించెను. పనిచేయు కుర్రవాండ్రు ఆదివారమునకొక సోల్దో, అనగా చిన్న రాగినాణెము, చందా చెల్లింతురు. ఎవరికైన జబ్బుచేసిన, పని పోయిన ఆ నిధినుండి సాయమందును. దానము పుచ్చుకొనుటకు అలవడిన చేతులు దీనివలన పొదుపు నేర్చెను. నగరపు పనిశాలలలో దుస్సహవాసము అధికమై యుండుటచే, 1853 మొదలు ఇంటనే జోళ్లపని, దర్జీపని, తరువాత పుస్తకముల బైండింగు, వడ్రంగము, అచ్చుపని, కమ్మరము నేర్పు శాలలు క్రమముగా వెలసెను. మొదట బోధకులు లేనపుడు డాన్ బోస్కో తానే బల్లముందు కూర్చుండి జోడు కుట్టి చూపెను. విద్యార్థిదశలో అబ్బిన చేతిపనులు ఇచట ఫలించెను.

ఈ పని యంతయు సుఖముగా జరిగెనని మనము భ్రమపడరాదు. ఆయనకు అప్పులు తీరిన దినము లేదు. వచ్చినవారందరు బాగుపడలేదు, కొందరు పారిపోయిరి. ఒకనాడు పిల్లలు సిపాయిల ఆట ఆడుచు తాను ప్రాణముగా పెంచిన కూరతోటను త్రొక్కివేయగా, మార్గరీత విసిగి పల్లెకు పోవుదుననెను. కుమారుడు మారు పలుకక గోడమీది సిలువను చూపగా, ఆమె కన్నులు తుడుచుకొని మరల పనికి లేచెను. 1854 లో నగరమున కలరా చెలరేగినపుడు, ఒకప్పుడు లోకము వెలివేసిన ఆ కుర్రవాండ్రే రోగులకు ఉపచారము చేసిరి. పరచుటకు గుడ్డలు చాలనపుడు ఆమె ఇంటనున్న దుప్పట్లను పంపెను. 1856 నవంబరు 25 వ తేదీన ఆమె కన్నుమూసెను.

డాన్ బోస్కో 1859 లో సహకారులను కూర్చి సలేసియన్ సంఘమును స్థాపించెను. వారిలో పలువురు ఆ యింట పెరిగినవారే. 1870 లో పూర్వవిద్యార్థులు కొందరు ఆయన నామదినోత్సవమున తమ సంపాదనతో కాఫీ గిన్నెలు కొని తెచ్చి కానుకగా సమర్పించిరి. వస్తువు స్వల్పము; కాని ఇల్లు విడిచిన పిదపను తమకొక యిల్లున్నదని వారెరుగుట స్వల్పము కాదు. నాటినుండి పూర్వవిద్యార్థుల కూటము ఏటేట జరిగెను. 1888 జనవరి 31 వ తేదీన, డెబ్బదిరెండేండ్ల వయస్సున ఆయన పరమపదించెను. 1934 లో కతోలిక సభ ఆయనను పునీతునిగా ప్రకటించెను. ఆయన అనుయాయులు 1906 లో తంజావూరునకు వచ్చి మన దేశమున పని ప్రారంభించిరి. మన విజయవాడలో వీధిబాలలకై 1989 లో ఏర్పడిన నవజీవన్ బాలభవన్ ఈ వృక్షపు కొమ్మయే.

పదునెనిమిదేండ్లు నిండి సంరక్షణాలయమును విడుచు యువజనులకు ఆర్థిక సహాయమొసగవచ్చునని మన దేశపు 2015 వ సంవత్సరపు బాలల న్యాయచట్టము చెప్పుచున్నది. చట్టము ద్రవ్యము నీయగలదు. తలుపు తట్టిన రాత్రి ఇటుకలు పేర్చి పడక అమర్చుటకు మనుష్యులే కావలయును. కప్పు, పని, పూచీపడు పెద్ద, కొంచెము పొదుపు, పడిపోయినచో తిరిగి రాదగిన గడప, ఈ అయిదును మన బిడ్డలకు అడుగకయే లభించుచున్నవి. అవి లేనివాడు మన తరగతిలోనే, మన వీధిలోనే యుండవచ్చును. విద్యార్థులు అట్టివానిని మిత్రుడని పిలువనేర్చిరేని, పెద్దలు వాని పక్షమున ఒక సంతకము చేయ వెనుదీయకుండిరేని, ఈ చరిత్రమును చదివిన ఫలము దక్కినదని మేము సంతసింతుము.